ఏ ఊరి బస్సో చెప్పి పో

ఇదొక మహాకావ్యం. ఇందులో వీరుడున్నాడు, యుద్ధముంది, ప్రతిజ్ఞ ఉంది, దేవుడు స్వయంగా కలగజేసుకుంటాడు, చివర్లో విజయం కూడా ఉంది. చదివేవాళ్ళు రుమాలు దగ్గర పెట్టుకోవాలి.

రుమాలు మళ్ళీ జేబులో పెట్టుకోండి. ఇది ఆదోనిలో నేను ఎమ్మిగనూరు బస్సెక్కిన కథ. ఒకసారి ఎక్కలేకపోయాను, తర్వాత ఎక్కాను. మధ్యలో కొంచెం గలాటా జరిగింది. అంతకు మించి ఏమీ లేదు.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. అందులో నాకు పెద్ద విషాదమేమీ కనపడదు. కనపడకపోవడం నాకు మామూలే. బస్సులో పక్క సీటువాళ్ళు మాత్రం ఒప్పుకోరు. "కండ్లు ఎట్ల పోయినాయప్పా" అని, గుడి బయట చెప్పులు ఎట్ల పోయినాయని అడిగినంత ఆసక్తిగా అడుగుతారు. పోలేదు, అసలు రానేలేదని చెబితే అయ్యో అని అరటిపండు చేతిలో పెడతారు. నేను ఇంతవరకు తిన్న అరటిపండ్లలో సగం అట్లా సంపాదించినవే. పరుగెత్తేవాళ్ళకు అరటిపండు మంచిదని మా సారు అంటాడు కాబట్టి నేనెప్పుడూ వద్దనలేదు.

పరుగు మాట వచ్చింది కాబట్టి అది కూడా చెబుతాను. నేను నాలుగువందల మీటర్లు పరుగెత్తుతాను. మా సారు ఎమ్మిగనూరులో ఒక బడిలో ఆటలు నేర్పే టీచరు. ఆయన ఎడమ చేతికి, నా కుడి చేతికి మధ్య మూరెడు తాడు ఉంటుంది. ఇద్దరం ఒకే అడుగు వేస్తాం. ఆయన "మలుపు" అంటే తిరుగుతాను, "గీత" అంటే ఉన్న ఊపిరంతా వదిలేస్తాను. మొదటిరోజు మమ్మల్ని మైదానంలో చూసిన ఒక పెద్దమనిషి, "ఏం సారూ, సంతకు తోలుకపోతాండావా" అని అడిగాడు. సారు చాలా మర్యాదగా, "లేదప్పా, ఇది అమ్మేది గాదు" అన్నాడు.

పోటీలో కొన్ని రూళ్ళున్నాయి. పరుగెత్తేటప్పుడు నా కళ్ళకు గంతలు కడతారు. చూపు లేనివాడికి గంతలెందుకని అడిగితే, అందరూ సమానంగా ఉండాలి కదా అన్నారు. నాకు సమానత్వం మొట్టమొదట దొరికింది అక్కడే. ఇంకో రూలు, సారు నాకంటే ముందు గీత దాటకూడదు. దాటితే నేను ఓడినట్టే. సారుకు పొట్ట ఉందట, మనిషి కంటే ముందు పొట్ట దాటితే ఎట్లా అని మా అన్న అనుమానం. పొట్ట సంగతి నేను చూడలేదు. ఆయన ఆయాసం మాత్రం రోజూ వింటాను. దాన్నిబట్టి ఆయన నా ముందుకు వచ్చే ప్రమాదం లేదు.

ఇందులో ఎవరి పేరూ రాయకూడదనుకున్నాను. కానీ మా సారుకు ఉరుకుంద ఈరన్న స్వామి పేరే పెట్టారని చెప్పకపోతే కథ ముందుకు పోదు. చెప్పినా ఎవరో మీకు తెలియదు, భయం లేదు. మా వైపు ఏ బజారులో నిలబడి ఈరన్నా అని పిలిచినా టీ కొట్టులోంచి ఒకరు, ఆటోలోంచి ఒకరు, ఆటో కింద పడుకుని రిపేరు చేసేవాడొకరు "ఆ" అంటారు. దాన్ని పేరనడం కంటే జనాభా అనడం న్యాయం.

పోయిన శ్రావణంలో ఒక సోమవారం ఎమ్మిగనూరు మైదానంలో జిల్లా ఎంపిక పోటీ పెట్టారు. అందులో నెగ్గితేనే రాష్ట్ర పోటీకి పంపుతారు. లేకపోతే ఏడాదంతా పరుగెత్తింది ఒంటికి మంచిదని సరిపెట్టుకోవాలి.

శ్రావణమంటే ఉరుకుంద తిరునాళ్ళ నెల. ఈరన్న స్వామికి మొక్కులున్న వాళ్ళంతా బస్సులెక్కుతారు. ఆ రద్దీకని ఈ ఏడాది ఊరి చివర ఖాళీ స్థలంలో రేకులూ పందిరీ వేసి, ఆ వైపు పోయే బస్సులన్నిటినీ అక్కడికి మార్చారు. ఎమ్మిగనూరు బస్సు కూడా అక్కడే. పాత బస్టాండయితే నాకు మా ఇంటి వసారాతో సమానం. ఏ స్తంభం ఎక్కడుందో నా భుజాలకు తెలుసు. కొత్త చోట నాకు తెలిసినదల్లా దుమ్ము, ఓళిగల నేతి వాసన, మైకు.

మైకు గురించి చెప్పాలి. అది పొద్దున్నుంచి ఆగకుండా మాట్లాడుతుంది. పట్టుచీరలు ఎక్కడ కొనాలో, పిల్లలను ఏ బడిలో వెయ్యాలో, మొలల బాధకు ఎవరిని కలవాలో అన్నీ చెబుతుంది. అక్కడ నిలబడిన ఏ బస్సు ఎక్కడికి పోతుందో మాత్రం చెప్పదు. ఫోను కెమెరా ముందుకు పెట్టి బస్సు మీద రాసినది చదవమన్నాను. "దృఢమైన ఇల్లు, తరతరాల నమ్మకం" అని చదివింది. బస్సు నిండా సిమెంటు ప్రకటన వేశారు. బస్సు ఎక్కడుందో చెప్పే యాప్‌ను అడిగితే, బస్సు ఆదోనిలోనే ఉందని చెప్పింది. అంతవరకు నాకూ తెలుసు.

కాబట్టి మనుషులనే అడిగాను. "ఎమ్మిగనూరు బస్సు యాడప్పా? ఈరన్న సారు తావ పోవాల, తొందరుండాది" అన్నాను. సరిగ్గా అప్పుడే మైకు మొలల దగ్గరికి వచ్చింది. నా వాక్యంలో మిగతాదంతా ఆ హోరులో కొట్టుకుపోయి, ఈరన్న ఒక్కడే ఒడ్డున పడ్డాడు.

ఒక అవ్వ నా జబ్బ పట్టుకుంది. కలుపు తీసి తీసి గట్టిపడిన చెయ్యి. "ఈరన్న తావకా నాయనా? రా, నేనూ ఆడికే" అంది. మా సారుకు ఇంత పేరుందా అని కొంచెం గర్వపడ్డాను. ఆమె నన్ను బస్సులోకి ఎక్కించింది అనడం కంటే ఎత్తివేసింది అనాలి. ఎవరినో లేపి సీటిప్పించింది. అరటిపండు కూడా వచ్చింది.

బస్సు కదిలాక అడిగింది. "చేతిలో ఆ తాడేంది నాయనా?"

"ఈరన్న సారుకు కట్టేదవ్వా. ఒక కొస ఆయన చేతికి, ఇంకో కొస నా చేతికి."

"సామి చేతికే కడతావా?"

"ఇడిసిపెడితే పడిపోతా గదవ్వా."

అవ్వ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "ఇట్లాంటి భక్తి ఎవురికొస్తాది నాయనా" అంది. మంచి ఆవిడ, ఆటలంటే అభిమానం ఉన్నట్టుంది అనుకున్నాను.

ఊరు దాటగానే బస్సంతా ఒక్క గొంతుతో గోవిందా అంది. ఎమ్మిగనూరు బస్సులో గోవిందా అనిపించాలంటే బ్రేకులు ఫెయిలవ్వాలి. నాకు అప్పుడు వెలిగింది.

దింపమని అడిగాను. కండక్టరు జనంలో ఎక్కడో ఇరుక్కున్నాడు, గొంతు మాత్రం వచ్చింది. నడిరోడ్డు మీద దిగి నిలబడితే ఎదురు బస్సు ఆపే దిక్కుండదు, ఉరుకుందలో దిగి అక్కణ్ణుంచి ఎమ్మిగనూరు బస్సు పట్టుకో అన్నాడు. ఆ మాట న్యాయమైనదే. అందుకే ఇంకా మండింది. అవ్వకు విషయం అర్థమయ్యాక కూడా తప్పు జరిగిందని ఒప్పుకోలేదు. "నువ్వు రాలేదు నాయనా, సామి పిలిపించుకున్నాడు" అంది. నన్ను జిల్లా కమిటీ కూడా పిలిచిందని, వాళ్ళు గంట కొట్టి మరీ మొదలుపెడతారని చెప్పాను. స్వామి కంటే కమిటీ పెద్దదా అంది. 

ఉరుకుందలో నాకు దారి ఇచ్చినంత వేగంగా నా బతుకులో ఎవరూ ఎక్కడా దారివ్వలేదు. నా చేతి కర్ర చూసి లైను లైనంతా పక్కకు జరిగింది. వద్దు అనేలోపల గర్భగుడి ముందున్నాను. "కండ్లడుగు నాయనా, గట్టిగా అడుగు" అని అవ్వ వీపు మీద తట్టింది. అడగకపోతే ఆమె వదిలేలా లేదు. గట్టిగానే అడిగాను. "సామీ, కండ్లు వద్దు, వాటితో ఏం జెయ్యాల్నో నాకు తెల్దు. ఆ బస్టాండు మైకులో బస్సుల పేర్లు సెప్పించు, సాలు." వెనక లైన్లో ఎవరో నవ్వారు. పూజారి తీర్థం ఇచ్చి, ముందుకు జరగమన్నాడు.

ఎమ్మిగనూరు మైదానం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కాళ్ళ కింద సున్నపు గీతలు అప్పటికే చెరిగి పొడిపొడిగా తగిలాయి. సారు ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"యాడికి పోయినావురా?" అన్నాడు.

"ఈరన్న తావకే సార్."

సారు నవ్వలేదు. నేను చెప్పినదంతా విన్నాడు. తిరునాళ్ళ రద్దీ వల్ల చాలామంది రాలేకపోయారని, వాళ్ళ కోసం నెలాఖరులో ఇంకొకసారి పోటీ పెడుతున్నారని చెప్పాడు. ఆ రోజు కూడా రాకపోతే ఈ ఏడాదికి ఇంతే. "మీ అన్నను బండి మీద దింపమను" అన్నాడు చివరికి.

మా అన్న జిన్నింగు మిల్లులో పని చేస్తాడు. పత్తి నలుసుల వల్ల ఎప్పుడూ దగ్గుతూ ఉంటాడు కాబట్టి ఇంట్లో ఎక్కడున్నాడో వెతుక్కునే పని లేదు. సారు మాట నేను చెప్పకముందే బండి తుడవడం మొదలుపెట్టాడు. నేను రానన్నాను.

"నువ్వు దింపితే నేను పోయినట్టు గాదన్నా. నన్ను తీసకపోయినట్టు. మూట గూడా పోతాది అట్లయితే."

"మూట నోరెత్తదు లేరా. నువ్వయితే దారి పొడుగునా మాట్లాడతావు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈసారి తప్పితే ఏడాది పోతాది. పంతం ఆ పొద్దే సూపియ్యాల్నా?" అన్నాడు.

ఆ పొద్దే చూపించాలి. ఎవరో ఒకరు బండి మీద దింపినన్నాళ్ళూ బస్టాండు బాగానే ఉన్నట్టు లెక్క. మా అన్నకు రేపు పెళ్ళవుతుంది, ఎల్లుండి ఇంకో పని పడుతుంది. నా కాళ్ళు నాలుగువందల మీటర్లు పరుగెత్తేటప్పుడు, ఇరవై అడుగుల దూరంలో ఉన్న బస్సును పట్టుకోవడానికి ఇంకొకరి పుణ్యం ఎందుకు కావాలి? అన్నకు ఇంత పొడుగ్గా చెప్పలేదు. "ఆ" అన్నాను. బండి తుడిచే గుడ్డ నేల మీద విసిరిన చప్పుడయింది.

మరుసటిరోజు పందిరి కింద బస్టాండు ఇన్‌చార్జిని కలిశాను. బస్సు ముందు బోర్డు ఉంటుంది కదా అన్నాడు. నాకు కనపడదన్నాను. ఎవరినైనా అడగమన్నాడు.

"అడిగినా సార్. ఉరుకుంద పోయినా."

"మంచిదే గదప్పా. దర్శనమయింది."

మైకు ప్రకటనల వాళ్ళదని, తన చేతిలో లేదని అన్నాడు. ఇన్ని బస్సులకు తాను అరవలేనని, నెల రోజుల ముచ్చటకు ఇంత రాద్ధాంతమెందుకని అన్నాడు. నా పోటీ కూడా ఆ నెలలోనే ఉందని చెప్పాను. టీ తాగుతావా అని అడిగాడు. తాగి వచ్చాను. పోరాటం వేరు, టీ వేరు.

ఆ స్థలానికి బస్సులు బయటికి పోయే దారి ఒక్కటే, రెండు కర్ర గుంజల మధ్య సందు. తర్వాతి పొద్దున పోయి ఆ సందులో నిలబడ్డాను. నా తెల్ల కర్రను రైల్వే గేటులా అడ్డంగా పట్టుకున్నాను. బస్సు వచ్చి ముందు ఆగింది, హారను కొట్టింది. "ఏ ఊరి బస్సో సెప్పి పో అన్నా" అన్నాను. డ్రైవరు మా వంశం గురించి మాట్లాడాడు. అందులో సగం విషయాలు మా నాయనకు కూడా తెలిసి ఉండవు. అంతా విని, "ఊరి పేరు రాలేదన్నా" అన్నాను. "కోసిగి. సాలా?" అన్నాడు. సాలన్నాను. గేటు ఎత్తాను.

రోజూ పనికి పోయినట్టు పోయాను. దుమ్ము తిన్నాను, తిట్లు తిన్నాను, అరటిపండ్లు కూడా తిన్నాను. ఒక డ్రైవరు ఎగతాళికి "కాశీ" అన్నాడు. లోపల కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళు గాబరాపడి దిగిపోయారు. కౌతాళం పోవాల్సిన వాళ్ళు. బోర్డు చదవడం రాక, డ్రైవరు మాటే నిజమనుకున్నారు. వాళ్ళను మళ్ళీ ఎక్కించడానికి డ్రైవరే దిగి బతిమాలుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఎన్నడూ ఎగతాళి చెయ్యలేదు.

ఆ ముసలివాళ్ళు ఎక్కలేదు సరికదా, నా వెనక నిలబడ్డారు. రెండు రోజులకు చిప్పగిరి వైపు నుంచి కలుపు పనికి వచ్చే ఆడవాళ్ళు కూడా చేరారు. ఇక్కడ బస్సు మారాలి వాళ్ళు. రోజూ ఎవరినో ఒకరిని అడగడం, సగం రోజులు తప్పు బస్సెక్కడం వాళ్ళకూ ఉన్నదే. బస్సు నా దగ్గర ఆగి పేరు చెబుతుంది కాబట్టి అక్కడే ఎక్కడం సులువని కనిపెట్టారు. నా వెనక ఉద్యమం పుట్టిందని నేను అనుకుంటుండగానే, వాళ్ళు బస్సు రాగానే నన్ను పక్కకు తోసి ఎక్కిపోయారు.

ఇన్‌చార్జి మండిపడుతూ వచ్చాడు. పోలీసులను పిలుస్తానన్నాడు. "నీ ఒక్కడి కోసం మైకు పెట్టాల్నా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపల వెనక నుంచి ఒకామె అంది. "ఒక్కడేంది సార్. నాకు కండ్లుండాయి, అయినా ఆ బోర్డు నాతో మాట్లాడదు."

చాలామంది ఒక్కసారి మాట్లాడారు. సద్దుమణిగాక నేను నెమ్మదిగానే చెప్పాను. "నాకు సూపు లేదు, వీళ్ళకు సదువు లేదు. నీకు మైకుండాది, నోరుండాది. నేను దయ అడగల్యా సార్. ఊరి పేరు అడిగినా."

ఇన్‌చార్జి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం చీరల ప్రకటన మధ్యలో ఆగి, ఇన్‌చార్జి దగ్గిన చప్పుడు వినిపించింది. తర్వాత, కోర్టులో ముద్దాయిని పిలిచినట్టు, "కౌతాళం" అన్నాడు. నా వెనక ఆడవాళ్ళు నవ్వారు. నేను కర్ర దించి ముఖం తుడుచుకున్నాను. దుమ్ము ఎక్కువగా ఉంది ఆ రోజు.

రెండు మూడు రోజులకే ఆయనకు ఆ పని రుచి తగిలింది. భక్తులారా అనడం, సామాన్లు జాగ్రత్త అనడం, ఊరి పేరును చివర్లో సాగదీయడం మొదలుపెట్టాడు. ప్రకటనలు మాత్రం పూర్తిగా పోలేదు. "కోసిగి బస్సు బయలుదేరుతున్నది, మొలల బాధితులు వెంటనే సంప్రదించండి" అని కలిపి వచ్చేసరికి కోసిగి వాళ్ళు నొచ్చుకున్నారు. అయినా పేరు చెప్పిన తర్వాతే బస్సు కదిలేది. నాకు అది చాలు.

రెండో పోటీ రోజు నేను పందిరి కిందికి పోయేసరికి కరెంటు పోయింది. మైకు చచ్చింది. చీరలు, బళ్ళు, మొలలు, ఊళ్ళు, అన్నీ ఒకేసారి నోరు మూసుకున్నాయి. ఇంజన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక్కో ఇంజనూ ఒక్కో బస్సు, ఏదీ ఏ ఊరిదో తెలియదు. మా అన్న చూద్దామని వెనకే వచ్చాడు. బండి స్టార్టు చేసి నా పక్కన ఆపాడు. "ఎక్కురా. ఎవురికీ సెప్పను" అన్నాడు.

అన్న గొంతులో ఎగతాళి లేదు, అదే కష్టం. నా ఏడాది అంతా ఆ బండి వెనక సీటు మీద ఉంది. చెయ్యి సీటు మీద వేశాను కూడా.

అప్పుడు గుంజల వైపు నుంచి ఒక డ్రైవరు, తనంతట తానే, కిటికీలోంచి అరిచాడు. "కోసిగి." నేను ఆ రోజు అక్కడ నిలబడలేదు. గేటు లేదు, అడ్డంగా కర్ర లేదు. అయినా అరిచాడు. దాని వెనకది "కౌతాళం" అంది. ప్రేమ వల్ల కాదు, మనసు మారీ కాదు. ఆ సందు దగ్గరికి రాగానే నోరు దానంతటది తెరుచుకోవడం అలవాటైపోయింది, అంతే. మూడోది, "ఎమ్మిగనూరు, ఎమ్మిగనూరు. యాడుండాడప్పా ఆ కర్ర పిల్లోడు?"

చెయ్యి సీటు మీద నుంచి తీశాను. అన్న బండి ఆఫ్ చేశాడు. నేను గొంతు దిక్కున నడిచి బస్సెక్కాను. ఎక్కాక, ఇది ఉరుకుంద పోదు కదా అని మాత్రం ముగ్గురిని అడిగాను.

మైదానంలో గంతలు కట్టారు. తాడు చేతికి తగిలించుకున్నాను. నా విభాగంలో ఎంతమందిమి అని సారును అడిగాను.

"నువ్వొక్కడివేరా."

"మొన్న?"

"మొన్న నువ్వు రాలే. పోటీనే లేకపాయ."

"మరి పరిగెత్తల్నా?"

"గీత దాటల్ల" అన్నాడు సారు.

పరిగెత్తాను. పక్కన పదిమంది ఉన్నట్టే పరిగెత్తాను. మలుపు దగ్గర సారు ఊపిరి పిల్లంగ్రోవిలా మోగింది. గీత దాటాక మొదటివాణ్ణి నేనే అని ప్రకటించారు. చివరివాణ్ణి కూడా నేనే అని వాళ్ళు చెప్పలేదు, మర్యాదస్తులు.

నవ్వుకోవచ్చు, నేను కూడా నవ్వాను. కానీ ఒక మాట నవ్వకుండా చెబుతాను. జిల్లాలో పరుగెత్తగలిగిన గుడ్డివాణ్ణి నేనొక్కణ్ణే కాదు. నాతో చదువుకున్న వాళ్ళలోనే నాకంటే చురుకైన కాళ్ళవాళ్ళు ఉన్నారు. మైదానం దాకా రాగలిగిన వాణ్ణి నేనొక్కణ్ణి. వాళ్ళ కాళ్ళు ఓడిపోలేదు, వాళ్ళ బస్సులు పేరు చెప్పలేదు. నన్ను ఆదర్శమని పిలిచి దండ వేసేవాళ్ళకు కూడా ఇదే చెప్పాను. దండ వెనక్కి తీసుకోండి, బస్సు ఏ ఊరిదో చెప్పండి. వచ్చే ఏడాది నా విభాగంలో కనీసం ఒకడైనా నన్ను ఓడించాలి. అప్పుడు బాధపడతాను, ఇప్పుడు పడే తీరిక లేదు. రాష్ట్ర పోటీకి రోజూ ఎమ్మిగనూరు పోయి ప్రాక్టీసు చెయ్యాలి.

ఆ ఒకడు ఇది ఎవరి చేతనైనా చదివించుకుంటే, అతని కోసం ఒక సమాచారం. శ్రావణం అయిపోయింది కాబట్టి ఊరి చివర పందిరీ, గుంజలూ, మైకూ పీకేశారు. ఎమ్మిగనూరు బస్సులు మళ్ళీ పాత బస్టాండు నుంచే పోతున్నాయి.